తాడు రెండో కొస

నా చిన్నప్పుడు ఒక వేపచెట్టు కారణంగా మా ఇంటి స్నానాలగది ఒక మూల నుంచి మరో మూలకు మారింది. యాభై ఏళ్లు దాటిన జ్ఞాపకం కనుక నేను కళ్లారా చూసినదాన్నే రాస్తున్నాను. తరువాత ఇంట్లో చెప్పుకునేటప్పుడు ఈ కథకు చేరిన అలంకారాలను విడిచిపెట్టాను.

తెలంగాణ ఉద్యమం మొదటిసారి ఉధృతంగా సాగిన ఏడాది అది. బడులు మూతపడ్డాయి. నల్గొండ పల్లె నుంచి వచ్చి కిరాయి గదుల్లో ఉంటున్న మా కుటుంబం, దిల్‌సుఖ్‌నగర్ దాటాక కర్మన్‌ఘాట్ దారికి దగ్గరలో చిన్న జాగా కొనుక్కుంది. వానలు పడేలోగా పునాది లేవాలని మా నాన్న పట్టుదల. జాగాలో నాలుగు తుమ్మచెట్లు, వెనక హద్దు దగ్గర ఒక వేప ఉండేవి. మేస్త్రీ ముగ్గు పోసి, గీతల లోపల పడ్డ చెట్లన్నీ కొట్టేయాలన్నాడు. అయిదూ లోపలే పడ్డాయి.

వేప మాదే అయినా, ఎండ ముదిరే వేళకు దాని నీడ హద్దు అవతల పక్కింటి అక్క రేకుల గది మీద పడేది. వారిది గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆ గదిలో అక్క మూడు నెలల పసిపాపతో ఉండేది. ఉద్యమం మొదలైనప్పటి నుంచి ఆమె భర్తకూ మా నాన్నకూ మాటలు లేవు. ఆమె ఏదో అడగాలని హద్దు దాకా రావడం, నాన్నను చూసి వెనుదిరగడం నేను రెండుసార్లు గమనించాను.

మా నాన్న చట్టం తప్పే మనిషి కాదు. సొంత జాగాలోని వేపనూ తుమ్మనూ కొట్టడానికి ఏ కాగితమూ అక్కర్లేదని పట్వారీ చెప్పాడట. అది నిజమో కాదో ఈనాటికీ నేను నిర్ధారించుకోలేదు. ఆ రోజు అందరూ నమ్మారు. గొడ్డళ్లవాళ్లు మర్నాడు వస్తారనగా, వేప సంగతి ఇంకోసారి ఆలోచించమని తాతయ్య నాన్నతో అన్నాడు.

"మన చెట్టు నీడ గూడ ఆళ్లకే పోవాల్నా?" అన్నాడు నాన్న.

తాతయ్య వాదించలేదు. "చట్టం అడ్డం లేదు, ఒప్పుకున్న. చెట్టు అడ్డమున్నదా లేదా, జర చూసొద్దం," అని మా కిరాయి గదుల దగ్గరి బావి తాడు తెచ్చాడు.

ఒక కొస నా చేతికిచ్చాడు. రెండో కొస పట్టడానికి మేస్త్రీ ముందుకు వస్తే వద్దని, హద్దు దగ్గరికి వెళ్లి పక్కింటి అక్కను పిలిచాడు. పాపను చంకనేసుకుని ఆమె సందేహిస్తూ వచ్చింది.

"నేను పట్టుకుంటే మీవాళ్లు ఏమన్నా అనుకుంటారేమో, తాతగారూ."

"అంటే నన్నంటరు. నువ్వు వదులు చెయ్యకు బిడ్డా, కొలత తప్పుతది."

ముందు తుమ్మలను కొలిచాము. అవి గదుల నడుమ ఉన్నాయి. గోడలు ఎటు జరిపినా తప్పించలేము. వాటిని కొట్టమనే తాతయ్య చెప్పాడు, ఒక్క జాలి మాట కూడా అనలేదు. వేప మాత్రం స్నానాలగదికి గీసిన చోట ఉంది. ఆ గది అక్కడే ఎందుకని అడిగితే మేస్త్రీ తల గోక్కుని, మీర్‌పేట్‌లో కట్టిన ఇంటికి గట్లనే పోసినమన్నాడు. ఆ జాగాలో చెట్టే లేదట. తాడును మరో మూలకు తిప్పి కొలిస్తే అంత గదీ అక్కడ సరిగ్గా పట్టింది.

తరువాత తాతయ్య నన్ను అక్క వాళ్ల రేకుల గోడ మీద అరచెయ్యి ఆనించమన్నాడు. నీడ వైపు ఇరవై దాకా లెక్కపెట్టాను. ఎండ వైపు మూడు అనేలోగా చెయ్యి లాక్కున్నాను. నాన్న నా ఎర్రబడ్డ అరచేతిని చూశాడు. హద్దు దాటి వెళ్లి, రెండు చోట్లా తానే చెయ్యి పెట్టాడు. తిరిగి వచ్చి, ముగ్గు చెరిపి కొత్తగా పొయ్యమని మేస్త్రీతో అన్నాడు. మగవాళ్ల మధ్య మాటలు వెంటనే కలవలేదు గాని, మా పునాదికి నీళ్లు అక్క వాళ్ల బావి నుంచే వచ్చాయి.

చదువు పూర్తయ్యాక నా ఉద్యోగమంతా కట్టడాలకు అనుమతి ఇచ్చే ముందు చేసే స్థలాల పరిశీలనలోనే గడిచింది. 'ఇవి రక్షిత జాతులు కావు, అభ్యంతరం లేదు' అన్న వాక్యాన్ని ఎన్నో కాగితాల్లో చదివాను. చాలాసార్లు అది నిజమే. కాని మా తాతయ్య అడిగిన ప్రశ్నకు అందులో జవాబు ఉండేది కాదు. తరువాత చట్టాలు మారాయి, కఠినమయ్యాయి, అయినా ఆ ప్రశ్న అడిగే పని నాకే మిగిలింది. చెట్టు నిజంగా అడ్డమైన చోట కొట్టవచ్చనే రాశాను. అందుకు పశ్చాత్తాపం లేదు.

మా ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టాలు స్నానాలగది అన్ని ఇళ్లలోలాగే ఉంటుందనుకుని ఇప్పటికీ వెనక మూలకు వెళ్లి, వేప కింద నిలబడి నన్ను కేకేస్తారు. ఈ వయసులోనూ ఎవరైనా సలహాకు పిలిస్తే కొలత టేపు తీసుకునే వెళ్తాను. ఒక కొస నా దగ్గర ఉంచుకుని, రెండోది ఆ చెట్టు నీడ పోగొట్టుకోబోయే మనిషి చేతికిస్తాను. వదులు చేయవద్దని, కొలత తప్పుతుందని మాత్రం చెబుతాను.