ఆగిపోయే సెన్సార్లు

ఆత్మకూరులో మా దాణా కొట్టుకు మోటారు షట్టరు ఉంది. కింద రెండు వైపులా సెన్సార్లు, మధ్యలో ఏది అడ్డొచ్చినా షట్టరు ఆగిపోతుంది. కొట్టు కట్టేసే వేళకు గడపలో రాలిన తవుడు కోసం మేకలు వచ్చేవి, షట్టరు సగంలో ఆగేది. విసుగొచ్చి సెన్సార్లను నడుము ఎత్తుకు మార్చినాను. ఆ తర్వాత మేకలు షట్టరు చప్పుడుకే పారిపోయేవి.

నాయనకు చెవుడు. ఒక సాయంత్రం ఆయన గడపలో కూర్చుని, సెన్సార్లకు అందనంత కిందికి వంగి తవుడు ఎత్తుతున్నాడు. నేను రోడ్డు మీద ఫోను మాట్లాడుతూ, చూడకుండా రిమోటు నొక్కినాను. షట్టరు ఆయన నడుము మీద దిగింది. జనం దాన్ని పైకి లేపే తొందరలో సెన్సార్లు విరిగిపోయినాయి. ముసలాయన చూసుకోలేదని అందరూ అన్నారు. నేను కాదనలేదు.

కొత్తవి కొనబోతే షాపాయన రెండు రకాలు చూపించాడు.

"ఇది తీసుకోన్నా. అది దుమ్ము పడినా ఆగిపోతాది, మళ్ళీ నన్నే తిడతావు."

"ఆగిపోయేదే ఇవ్వు."

"ఎంత ఎత్తులో పెడతావు?"

"జానెడు."

ఇంటికొస్తే నాయన మంచంలోంచే వాటిని చూసినాడు. "నా చెవుడుతో నీకెంత కర్చురా," అన్నాడు.

తప్పు ఆయనది కాదని అప్పుడూ నోరు తెరవలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నాయనకు చదువు రాదు.