ఇల్లు చల్లగా, పెరడు వెచ్చగా

చలిదేశంలో ఫ్రెంచి మాట్లాడే ఊరైన షెటికాంప్‌లో దెవో అనే ఇంటిపేరు వాళ్ళు ఏ దారిలో చూసినా కనిపిస్తారు. అందుకని అక్కడ మనిషిని తండ్రి పేరుతో కలిపి చెప్తేనే ఎవరో తెలుస్తుంది. ప్లసీడ్ కొడుకు ఆజెనోర్ అంటే మాత్రం ఎవరూ మారు అడగరు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ కొండ రోడ్డు మీద మంచు తోసే బండి నడిపిన మనిషి ఆయన. గాలి ఏ మూల నుంచి వీస్తే ఏ మలుపులో మంచు పేరుకుంటుందో రేడియోవాళ్ళ కన్నా ముందే చెప్పేవాడు. ఆగ్నేయపు గాలి లేచి ఇళ్ళ పైకప్పులు లేపేసే రోజున కూడా బండి తీసుకుని వెళ్ళి, సాయంత్రానికి కనుబొమల మీద మంచు పెట్టుకుని తిరిగొచ్చేవాడు.

చలి గురించి ఎంత తెలుసో వేడి గురించీ అంతే తెలుసునని ఆయన నమ్మకం. వేడి అంటే కట్టె. చెట్టు కొట్టాలి, చీల్చాలి, వేసవంతా ఎండబెట్టాలి, ఇంటి కింది గదిలోకి మొయ్యాలి, పెద్ద పొయ్యిలో వెయ్యాలి, బూడిద ఎత్తాలి. ఇదంతా చేస్తే ఇల్లు వెచ్చబడుతుంది, చెయ్యకపోతే లేదు. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది?

కిందటి శరత్కాలంలో ఆ లెక్క తప్పింది. చేతుల నిండా కట్టెలతో కింది గదిలోకి దిగుతూ ఆజెనోర్ మెట్ల మీద నుంచి జారాడు. భార్య బిబియాన్ బజారు నుంచి వచ్చి చూసేసరికి చివరి మెట్టు మీద మోకాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎంతసేపయిందని అడిగితే "ఇప్పుడే" అన్నాడు. ఒళ్ళు చూస్తే మంచుగడ్డలా ఉంది. పక్కింటి వాళ్ళు కేక వేస్తే వినపడేంత దూరంలోనే ఉన్నారు. మర్నాడు పొద్దున్నే బిబియాన్ క్లోవిస్ లెఫోర్‌కి ఫోన్ చేసి హీట్ పంపు పెట్టమంది.

క్లోవిస్ పొడుగాటి మనిషి. ఆ చుట్టుపక్కల ఇళ్ళల్లో ఈ యంత్రాలు బిగించేది అతనే. పెరట్లో గోడ పక్కన ఫ్యాను ఉన్న పెద్ద పెట్టె ఒకటి పెట్టాడు. గొట్టాలు లోపలికి లాగి, కింది గదిలో ఇంకో యంత్రానికి తగిలించాడు. నేలలో ఉన్న పాత జాలీల్లోంచే వెచ్చని గాలి పైకి వచ్చేట్టు చేశాడు. పంపు ఒక్కటే చాలనంత చలి పడితే తోడుగా పనిచెయ్యడానికి ఒక కరెంటు హీటరు కూడా జతచేశాడు. చివరికి నడవా గోడకి, ఇంట్లో వేడి ఎంతుండాలో చెప్పే అరచెయ్యంత థర్మోస్టాట్ బిగించాడు.

"లోపల ఏం కాలుతుందిరా?" అని అడిగాడు ఆజెనోర్.

"ఏదీ కాలదు బాబాయ్. బయట గాలిలో ఉన్న వేడిని లాక్కొచ్చి ఇంట్లో పోస్తుంది."

"బయట గాలిలోనా? జనవరిలోనా?"

"జనవరిలోనే."

"నేను కొండ మీద జనవరిలు ఎన్ని చూశానో నీకు తెలుసా? నాకెప్పుడూ కనపడలేదే ఆ వేడి!"

క్లోవిస్ నవ్వి పనిముట్లు సర్దుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పాడు. "దీన్ని ఊరికే పెంచడం తగ్గించడం చెయ్యకండి. నిదానంగా పనిచేసే సరుకు. దాని మానాన దాన్ని వదిలేయండి."

చలికాలమంతా ఆజెనోర్ వదిలేశాడు. ఇల్లు వెచ్చగానే ఉంది. అదే ఆయనకి మింగుడుపడలేదు. రోజూ పెరట్లోకి వెళ్ళి పెట్టె ముందు చెయ్యి పెట్టేవాడు. చల్లటి గాలి కొట్టేది. చల్లగాలి లోపలికి పోతోంది, ఇంకా చల్లగాలి బయటికి వస్తోంది. మరి వేడి ఎక్కడిది? బిబియాన్‌ని అడిగితే, "వస్తోందిగా, కాళ్ళు చాపుకుని కూర్చో," అనేది.

మార్చి వచ్చింది. ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాసాల తపస్సుకాలం సగం గడిచి మి-కరెమ్ వారం మొదలైంది. ఆ వారం సాయంత్రాల్లో జనం మొహాలు కనపడకుండా వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. గొంతు ఎవరూ పోల్చకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. ఎవరు ఎవరో ఇంటివాళ్ళు కనిపెట్టాలి. బిబియాన్ ఆ ఊళ్ళో పేరుపడ్డ పోలికగత్తె. నడకని బట్టి, చెప్పుల్ని బట్టి, దగ్గుని బట్టి పట్టేసేది. వేషగాళ్ళు వస్తారని మాంసం కూరిన రొట్టెలు, బెల్లపు బిస్కెట్లు చెయ్యడంలో పడింది.

అప్పుడే ఆజెనోర్‌కి థర్మోస్టాట్ మీద ఒక కోరిక పుట్టింది. అది ఇంగ్లీషులో మాట్లాడుతోంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం పై అధికారులతో ఇంగ్లీషు మాట్లాడాడు, చాలు. సొంతింటి గోడ కూడా ఇంగ్లీషు మాట్లాడ్డం దేనికి? కళ్ళజోడు పెట్టుకుని మీటలు నొక్కుతూ పోయాడు. ఎక్కడో ఒకచోట అది ఏదో అడిగింది. పూర్తిగా చదవకుండానే 'అవును' అన్నాడు. తెర నల్లబడింది. కాసేపటికి ఫ్రెంచిలో "బోంజూర్" అని పలకరిస్తూ వెలిగింది.

"బిబియాన్! ఇలా రా! మనవాడయ్యాడు!" అని కేకేశాడు.

ఆమె పిండిచేతులతో వచ్చేసరికి, క్లోవిస్ పెట్టినవన్నీ చెరిగిపోయి తెర మీద మొదటి నుంచీ ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంట్లో హీట్ పంపు ఉందా? ఉంది. తోడు హీటరు ఉందా? ఉంది. కరెంటుదా, నూనెదా? కరెంటుది. ఇంతవరకూ బాగానే సాగింది. తరవాత, వాల్వు 'ఓ'నా, 'బి'నా అని అడిగింది.

"ఏ వాల్వు?" అంది బిబియాన్.

"ఏదో వాల్వు."

"ఓ అంటే ఏంటి, బి అంటే ఏంటి?"

"ఓ అంటే సున్నాలా ఉంది. చూస్తూ చూస్తూ సున్నా ఎవరైనా పెట్టుకుంటారా? బి అంటే నువ్వు." అని 'బి' నొక్కాడు. బిబియాన్ నవ్వి పిండిచేత్తో ఆయన భుజం మీద ఒకటి వేసింది.

ఇంకో ప్రశ్న. బయట ఎంత చలి పడ్డాక తోడు హీటరు వెయ్యాలి? ఆజెనోర్ దీని దగ్గర తడుముకోలేదు. పనికి వచ్చినవాడు పని చెయ్యాలి గానీ మాటిమాటికీ తోడు పిలవడమేంటి? అంకె ఎంత కిందికి పోతుందో అంత కిందికి, సున్నాకి ఇరవై అయిదు డిగ్రీల కిందికి దించేశాడు. ఆ ఊరు సముద్రం ఒడ్డున ఉంది. అంత చలి ఎప్పుడో గాని పడదు.

మర్నాడు పొద్దున లేచేసరికి ముక్కు చివర చల్లగా ఉంది. థర్మోస్టాట్ పదిహేను చూపించింది. యంత్రం తిరుగుతూనే ఉంది, జాలీలోంచి గాలి వస్తూనే ఉంది. కానీ ఆ గాలి మేజోళ్ళు లేని కాలికి తగిలితే వణుకు పుట్టింది.

"కొంచెం పెంచు," అంది బిబియాన్.

"పెంచొద్దన్నాడుగా. నిదానంగా పనిచేసే సరుకు."

మధ్యాహ్నానికి పదమూడయింది. ఆజెనోర్ క్లోవిస్‌కి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మి-కరెమ్ వారంలో ఆ ఊళ్ళో ఫోన్ ఎత్తేవాళ్ళు తక్కువ. ఎవరి వేషం పనిలో వాళ్ళుంటారు. చేసేది లేక, రొట్టెల కోసం ఉంచుకున్న వంటింటి చిన్న పొయ్యి రాజేశాడు. కొట్టంలో మిగిలిన కట్టెలు కుంటుకుంటూ తెచ్చి వేశాడు. పొయ్యి పక్కన నిలబడ్డంతసేపూ వెచ్చగా ఉంది. నాలుగడుగులు జరిగితే ఆ వెచ్చదనాన్ని ఎవరో తీసుకుపోతున్నట్టుంది.

బిబియాన్ చెల్లెలు రోజిల్డ బిస్కెట్ల డబ్బా కోసం వచ్చి, గుమ్మంలోనే కోటు మళ్ళీ బిగించుకుంది. "ఏమైందక్కా? శవాన్ని పెట్టుకున్న ఇల్లులా ఉంది. బావ బానే ఉన్నాడా?"

"ఉన్నాను. ఇంకా ఉన్నాను," అన్నాడు ఆజెనోర్ లోపల్నుంచి.

"మన పిల్లి ఏదే?" అంది బిబియాన్ ఉన్నట్టుండి. పొద్దుటి నుంచి అది కనపడలేదు. ముగ్గురూ వెతికారు. చివరికి వంటింటి కిటికీలోంచి రోజిల్డ చూసింది. పిల్లి పెరట్లో, పెట్టె ఫ్యానుకి ఎదురుగా, పొట్ట పైకి పెట్టి పడుకుని ఉంది. దాని చుట్టూ మంచు కరిగిపోయి, చాపంత మేర పాతగడ్డి బయటపడింది. తక్కిన పెరడంతా మోకాలి లోతు మంచే.

ఆజెనోర్ కర్ర పట్టుకుని బయటికి వెళ్ళాడు. పెట్టె ముందు చెయ్యి పెట్టాడు. వెచ్చటి గాలి. చలికాలమంతా ఆయన వెతికిన వేడి అదే. మొహం విప్పారింది.

"వస్తోంది! వేడి వస్తోంది!" అని అరిచాడు.

"ఎక్కడ?" అంది బిబియాన్ తలుపు దగ్గర్నుంచి.

"ఇక్కడ. బయట."

ఆమె ఆయన్ని చూసింది, పిల్లిని చూసింది. "మనం పెరడుని వెచ్చబెడుతున్నామా ఏంటి?"

ఆజెనోర్ ఆలోచించాడు. బయటి గాలిలోంచి వేడి లాగుతుందన్నాడుగా క్లోవిస్. లాగింది, ఇదిగో, పెట్టె దాకా వచ్చింది. ఇంక గొట్టాల్లోంచి లోపలికి నడవాలి కాబోలు. దానికి టైము పడుతుంది కాబోలు. ఆ మాటే బిబియాన్‌కి చెప్పాడు. చెప్తుంటే తనకే సగం నమ్మకం కలగలేదు, కానీ అంతకంటే మంచి మాట దొరకలేదు. పిల్లి మాత్రం లోపలికి రానంది.

చీకటి పడుతుండగా వేషగాళ్ళు వచ్చారు. నలుగురు. తలమీంచి దుప్పటి కప్పుకున్నవాళ్ళొకరు, జాలరి కోటు వెనకది ముందుకి తొడుక్కున్నవాళ్ళొకరు, దిండుగలీబుకి కళ్ళ దగ్గర కన్నాలు పెట్టుకున్న లావుపాటి ఆడమనిషి ఒకరు, కిటికీ తెరని మేలిముసుగుగా వేసుకుని రబ్బరు బూట్లతో ఒక పెళ్ళికూతురు. ఎప్పుడూ అయితే వేషాల లోపల ఉక్కకి చెమటలు పట్టి, కాసేపటికే ముసుగులు ఎత్తి గాలి పీల్చుకుంటూ దొరికిపోయేవాళ్ళు. ఆరోజు నలుగురూ హాయిగా కుర్చీల్లో సర్దుకున్నారు. ఒక్కరూ గుండీ విప్పలేదు. బిబియాన్ చుట్టూ తిరిగింది, గిల్లింది, కితకితలు పెట్టింది, ఒక్కరినీ పట్టలేకపోయింది.

"ఊళ్ళో అందరికన్నా హాయిగా ఉంది మీ ఇంట్లో," అంది దుప్పటి, ఊపిరి లోపలికి పీలుస్తూ.

ఆజెనోర్‌కి అది ఎగతాళిలా తగిలింది. పక్కనే ఉన్న పెళ్ళికూతురి దగ్గర మొరపెట్టుకున్నాడు. "నువ్వే చెప్పమ్మా! క్లోవిస్ లెఫోర్ అని ఒకడున్నాడు. యంత్రం పెట్టాడు, పోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. వాడి తాత నాటుసారా అమ్మేవాడు, అందులోనూ నీళ్ళే. వీడు వేడి అమ్ముతున్నాడు, అదీ నీళ్ళే."

మేలిముసుగు వెనక పెళ్ళికూతురు వణికింది. చలికో, నవ్వుకో తెలియలేదు. ఆజెనోర్ ఇంకా ఏదో అంటుండగానే పెళ్ళికూతురు నెమ్మదిగా వంగి, తెల్ల గ్లవ్ విప్పి, నేల జాలీ మీద అరచెయ్యి పెట్టింది. వేళ్ళు విడదీసి, తిప్పి, చేతి వెనక భాగంతో మళ్ళీ చూసింది.

"క్లోవిస్!" అని గావుకేక పెట్టింది బిబియాన్. "జాలీ మీద అలా చెయ్యి పెట్టేవాడు ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు!"

ఇల్లంతా నవ్వులతో ఘొల్లుమంది. ఆజెనోర్ మొహం ఎర్రబడింది. "నేనన్నదంతా విన్నావురా?"

"మా తాత సంగతి నిజమే బాబాయ్," అన్నాడు క్లోవిస్. మేలిముసుగు వెనక్కి తోసుకుని, పెళ్ళిగౌను ఎత్తి పట్టుకుని నడవాలోకి నడిచాడు. థర్మోస్టాట్ మీద నాలుగు మీటలు నొక్కి ఆగిపోయాడు. "ఈ బి ఎవరు పెట్టారు?"

"నేనే. బిబియాన్ పేరు కదా."

"మీ ఆవిడ పేరు పెట్టి మీరు ఇంటికి చలి పెట్టారు. ఈ యంత్రానికి ఓ ఉండాలి. బి పెడితే అంతా తిరగబడుతుంది. వేడి కావాలని అడిగితే ఇంట్లో ఉన్న వేడిని తోడి పెరట్లో పోస్తుంది."

"పొయ్యిలో వేసిన కట్టెలు కూడానా?"

"అవి కూడా."

"నా పేరుని ఆడిపోసుకోకండి," అంది బిబియాన్. "సున్నా వద్దన్నది ఈయన."

క్లోవిస్ ఇంకో మీట నొక్కి ఈలవేశాడు. "తోడు హీటరు సున్నాకి ఇరవై అయిదు కిందనా! అది ఈ జన్మలో వెలగదు. ఇలా ఎందుకు పెట్టారు?"

ఆజెనోర్ నేల చూశాడు. "మాటిమాటికీ తోడు పిలవడం ఎందుకని."

బిబియాన్ గొంతు తగ్గించి అంది. "మెట్ల కింద పడ్డ రోజు కూడా అంతే క్లోవిస్. అన్ని గంటలు అక్కడ కూర్చున్నాడు. ఒక్క కేక వెయ్యలేదు."

"అన్ని గంటలేం కాదు," అన్నాడు ఆజెనోర్. ఆ మాటలో బలం లేదు.

క్లోవిస్ తల ఎత్తకుండానే అంకె మార్చాడు. "సున్నాకి పది కింద పెడుతున్నాను. అది దాటితే తోడు వస్తుంది. ఇవాళ మాత్రం ఇల్లు మరీ చల్లబడిపోయింది కాబట్టి రెండూ కలిసి తిరిగేట్టు పెట్టాను. మీరు ఏమీ చెయ్యక్కర్లేదు."

నేల జాలీల్లోంచి వెచ్చదనం మెల్లగా లేచింది. మాంసం రొట్టెలు రెండో వాయి వచ్చేసరికి దిండుగలీబు తడిసింది. అందులోంచి రోజిల్డ బయటపడింది. బిబియాన్ సొంత చెల్లెల్ని పోల్చలేకపోయినందుకు నోరు నొక్కుకుంది. జాలరి, దుప్పటి ఒకరి తరవాత ఒకరు లొంగిపోయారు.

ఆజెనోర్ మాత్రం క్లోవిస్‌ని వంటింట్లోకి లాక్కెళ్ళాడు. "నిజం చెప్పు. అంత చల్లటి గాలిలో వేడి ఎలా ఉంటుంది?"

క్లోవిస్ ఆయన చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ వెనక పెట్టించాడు. "వెచ్చగా ఉందా? లోపలున్న పాలు చల్లబడాలంటే వాటి వేడి ఎక్కడికో పోవాలిగా. ఇక్కడికి పోతోంది. మీ పెట్టె కూడా అదే పని చేస్తోంది. పెరడు దానికి ఫ్రిజ్ లోపలి భాగం."

"అంటే ఇప్పుడు నేను పెరడుని ఫ్రిజ్‌లో పెడుతున్నానా?"

"అంతే."

"పెరడు ఇప్పటికే గడ్డకట్టి చచ్చింది కదరా! అందులోంచి ఇంకా ఏం తీస్తుంది?"

"ఉన్నదే తీస్తుంది బాబాయ్."

"ఉన్నదేంటి?"

క్లోవిస్ తన తెల్ల గ్లవ్ వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

వాళ్ళని సాగనంపడానికి ఆజెనోర్ పెరటి మీదుగా రోడ్డు దాకా వెళ్ళాడు. తిరిగొస్తుంటే ఫ్యాను టక్కున ఆగింది. బుస్సుమన్న చప్పుడుతో పెట్టెలోంచి తెల్లటి పొగ లేచి గోడంతా కమ్మింది. "క్లోవిస్! కాలిపోతోంది!" అని ఊరు వినేలా కేక పెట్టాడు.

పెళ్ళికూతురి వేషంలో క్లోవిస్ రోడ్డు మీంచి వెనక్కి తిరిగి, చేతులు నోటికి అటూ ఇటూ పెట్టుకుని అరిచాడు. "అది ఆవిరి! మీద పట్టిన మంచు కరిగించుకుంటోంది! లోపలికి పోండి!"

ఆజెనోర్ లోపలికి వచ్చాడు. బిబియాన్ చొక్కా చేతులు పైకి మడుచుకుని పళ్ళేలు కడుగుతోంది. "ఏంటా కేకలు?"

"పెట్టె తన మంచు కరిగించుకుంటోందిట."

"దేంతో?"

"మన దగ్గర తీసుకునే అయ్యుంటుంది. ఇంకెక్కడుంది?"

"మళ్ళీనా?"

"కాసేపేలే," అన్నాడు ఆజెనోర్, తనకేదో తెలిసినట్టు. కుర్చీలో కూలబడి, బూటు లాగబోయి, మోకాలు పట్టేసి ఆగాడు. "బిబియాన్, ఇది కాస్త లాగవే," అన్నాడు. ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది.