ఒడ్‌వార్ తిన్న చివరి ముక్క

ఒడ్‌వార్ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. ముసలివాళ్ల గేటు దగ్గరికొచ్చేసరికి ముందున్న రేకు కాస్త పైకెత్తుతాడు, తోసిన మంచు వాళ్ల దారికి అడ్డం పడకుండా. ఎవరైనా ఆ మాటెత్తితే చెవులు ఎర్రబడిపోతాయి. "నేనెక్కడ ఎత్తాను? పాత బండి కదా, దానంతటదే లేస్తుంది" అని తప్పించుకుంటాడు. నలుగురి కళ్లూ తన మీద పడతాయంటే అంత భయం ఆ భారీ మనిషికి.

అలాంటివాడు గురువారం కాఫీకి మాత్రం మానకుండా వస్తాడు. పడమటి నార్వేలో సముద్రపాయ ఒడ్డునున్న ఊరది. అందరూ బూట్లు గుమ్మంలో విప్పి, మేజోళ్లతో సంఘం హాల్లో బల్ల చుట్టూ చేరతారు. కేకు యోరున్ అనే పెద్దావిడది. ఏలకులు దట్టంగా వేస్తుంది. ఒడ్‌వార్‌కేమో ఏలకులు చిన్నప్పటి నుంచీ పడవు. పల్చటి ముక్కొకటి కాఫీతో మింగేసి, "బాగుంది" అంటాడు.

ఆ ఊళ్లో పళ్లెంలో చివరి ముక్క ఎవరూ ముట్టరు, తిండిపోతు అంటారని. ఒకరు అందులో సగం కోసుకుంటారు, మిగిలిన సగంలో సగం ఇంకొకరు. ఆఖరికి కాగితమంత పల్చటి తునకొకటి యోరున్‌తో ఇంటికెళ్లేది. భర్త టోర్‌గేర్ దాన్ని గుమ్మంలోనే నోట్లో వేసుకునేవాడు. మొన్న ఆకులు రాలే రోజుల్లో ఆయన పోయాడు.

ఈ గురువారం యోరున్ పళ్లెం వైపు చూస్తూ, "ఇంక కేకు చెయ్యను. మిగిలింది తీసుకెళ్లి చెత్తలో వెయ్యడం నావల్ల కావట్లేదు" అంది.

"అయ్యో, అట్లా అంటే ఎలా!" అన్నారందరూ. చేతులు మాత్రం ఒళ్లోంచి కదల్లేదు. బల్లకు అవతల కూర్చున్న స్వైనుంగ్ అలవాటు కొద్దీ చాకు అందుకుని, ఉన్న ముక్కను సగం చెయ్యబోయాడు.

ఈలోగా ఒడ్‌వార్ చెయ్యి ముందుకొచ్చింది. ముక్క మొత్తం తీసి నోట్లో పెట్టేసుకున్నాడు. ఏలకుల ఘాటుకి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమోయ్, ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేశావా?" అన్నాడు స్వైనుంగ్.

"మానేశాడులే, మధ్యలో నీకేం!" అంది యోరున్. తర్వాత ఒడ్‌వార్ వైపు తిరిగి, "మెల్లగా తిను నాయనా. ఇంత ఇష్టం పెట్టుకుని ఇన్నాళ్లూ నోరు విప్పలేదేం?" అంది.

"సిగ్గేసింది" అన్నాడు ఒడ్‌వార్, చెవులు కందగడ్డల్లా చేసుకుని. ఆ మాట మాత్రం నిజమే.

పై గురువారం కేకు వచ్చింది. పెద్ద ముక్కొకటి ముందే పక్కకు తీసి, యోరున్ అతని ముందు పెట్టింది.

"నీకోసం ఏలకులు ఇంకో గుప్పెడు ఎక్కువేశాను."

ఒడ్‌వార్ పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. "కాఫీ కాస్త నిండుగా పొయ్యి" అన్నాడు.