హారన్ల పోటీ జరిగిన పది నిమిషాలు

ఆ ఇద్దరూ మొదటిసారి జగిత్యాలలోని మా దుకాణానికి వచ్చినప్పుడు నా ముఖం చూడలేదు. గోడకు వేలాడుతున్న మైకు హారన్ల నోళ్లలోకి తొంగి చూశారు, సంతలో ఎడ్ల పళ్లు చూసినట్టు. ఒకాయన ఒక హారన్ అంచు మీద వేలితో టంగుమని కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. రెండో ఆయన "మంచి మందమున్నది, పాత సరుకు" అన్నాడు. ఇక్కడొక ఆడమనిషి కూర్చుని ఉందని ఆ తర్వాత గానీ వాళ్లకు తోచలేదు.

రాసుకుంటానని అడిగావు కాబట్టి మొదటి నుంచి చెప్తాను బిడ్డా. నా భర్త మైక్ సెట్లు కిరాయికి ఇచ్చేవాడు. ఆయన పోయాక దుకాణం నేనే నడిపాను. పెళ్లికైనా, చావుకైనా, తప్పిపోయిన బర్రె కోసం చాటింపుకైనా మా సెట్టే పోయేది. అందరూ కొత్త సెట్లకు మారినా మా దగ్గర ఒక పాత వాల్వుల సెట్టు ఉండేది. లోపల గాజు బుడ్లు ఎర్రగా వెలిగి వేడెక్కాలి, అప్పుడే గొంతు వచ్చేది. వచ్చిందంటే మాట మాటగా పొలాలు దాటి పక్క ఊరికి వినబడేది. అది నా భర్త చేతులతో బాగుచేసుకుంటూ కాపాడిన సెట్టు. దానిమీద ఆయన నాకు నేర్పిన పద్ధతి ఒకటే. ముందు సెట్టు బంద్ చేయాలి, ఆ తర్వాతే హారన్ వైరు ముట్టాలి. "సెట్టుల పుట్టిన బలం బయటికి పోవాలె. హారన్ లేకుంటే లోపల్నే తిరిగి కాలుస్తది" అనేవాడు.

వచ్చినవాళ్లలో ఒకాయన కోరుట్లలో ఉండే సారు, సర్కారు నౌకరీ చేసి దిగిపోయినవాడు. రెండో ఆయన సిరిసిల్లలో మరమగ్గాల సేటు. ఇద్దరికీ పాత హారన్ల పిచ్చి, వాల్వు సెట్ల పిచ్చి. సారు దగ్గర పొడుగు మెడ హారన్ ఉంది, ఇంగ్లీషు దొరల సీమ నుంచి వచ్చిందట. సేటు దగ్గర వెడల్పు నోటి హారన్, ఒకప్పుడు గుడారాల్లో సినిమాలు ఆడించిన కంపెనీది. ఏది గొప్పదో రెండేళ్లుగా తెగడం లేదు.

"నీది ఇంట్ల ఇంటె మంచిగనే ఉంటది సేటూ," అన్నాడు సారు. "బయట కడితె రేకు డబ్బల రాళ్లేసినట్టుంటది."

"నీ హారన్ ముచ్చట నాకెరుక లేదా సారూ. పడిశం పట్టినోని ముక్కు లెక్క పలుకుతది."

"అసలు నీ చెవులే మగ్గాల మోతకు పోయినయి."

"పోయిన చెవులకు గూడ నీ ముక్కు మాట తెలుస్తున్నదంటె సూడు."

నవ్వు వచ్చింది, నవ్వాను కూడా. అప్పుడు వాళ్లమీద నాకు ఏ అసహ్యమూ లేదు. పోటీ తేలాలంటే ఒకటే సెట్టు కావాలి, బయట మైదానం కావాలి, మనిషి గొంతు కావాలి అన్నారు. వాళ్ల ఇళ్లల్లో ఉన్న సెట్లు గదిలో పాటలు వినేవి, అంత బలం వాటికి లేదు. నా సెట్టుకేమో ఒక వాల్వు ముసలిదై గుయ్యిమంటోంది. కరీంనగర్‌లో వెతికించాను, పట్నంలో వెతికించాను, దొరకలేదు. సారు తన సంచిలో నుంచి డబ్బా తీసి, దూదిలో చుట్టిన రెండు వాల్వులు చూపించాడు.

"ఎప్పుడన్న నీ సెట్టు బయట కడితె మా హారన్లు రెండు తగిలియ్యనియ్యమ్మా. గివి నువ్వే ఉంచుకో."

సరే అన్నాను. నా సెట్టు బతుకుతుందంటే ఎందుకు కాదంటాను?

అవి తెలంగాణ కొట్లాట రోజులు. ఏ ఊరికి పోయినా రోడ్డు పక్కన దీక్ష టెంటు, ముందు కూర్చున్న జనం, పక్కన రెండు గుంజలకు హారన్లు. బడులు బంద్, బస్సులు ఒకరోజు ఉంటే ఒకరోజు లేవు. సిరిసిల్ల నుంచి ముప్పై మంది లారీ ఎక్కి పట్నంలో మీటింగుకు పోయారు. అందులో నా ఆడబిడ్డ పెనిమిటి ఒకడు. మగ్గం మీద పనిచేసే మనిషి, ఎవరి జోలికీ పోడు. అక్కడ లాఠీలు లేచాయి, జనం చెల్లాచెదురైంది. లారీ తిరిగి వచ్చినప్పుడు ఇరవై తొమ్మిది మందే దిగారు. ఫోను చేస్తే మోగలేదు.

నాలుగో రోజున నా ఆడబిడ్డ దుకాణానికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"వదినె, నాకు మైకు కావాలె," అంది. "పట్నం నుంచి కోరుట్ల పోయె బస్సు పొద్దుగూకె యాళ్లకు సిరిసిల్లల పది నిమిషాలాగుతది. దాంట్ల పట్నంకెళ్లి వచ్చేటోళ్లుంటరు. ఆయన్ను ఎవరో ఒకరు సూసే ఉంటరు. బస్టాండు దిక్కు మోగాలె."

ఆమె జన్మలో పదిమందిలో నోరెత్తి మాట్లాడిన మనిషి కాదు. టెంటు దగ్గరి పెద్దమనుషులు ఆ పది నిమిషాలూ ఆమెకే ఇస్తామన్నారు. మరునాడు ఆటోలో వాల్వుల సెట్టు వేసుకుని సిరిసిల్ల పోయాను. సేటు ఊరు అదే కదా, ఎట్లా తెలిసిందో తెలిసింది. నేను పోయేసరికి ఇద్దరూ తమ హారన్లను రెండు గుంజలకు కట్టించి నిలబడ్డారు. అన్న మాట ప్రకారం కాదనలేకపోయాను. పైగా రెండూ నా హారన్ల కంటే గట్టివి, బస్టాండు దాకా పోతాయి, మంచిదే అనుకున్నాను. ఒకటి తగిలించి ఉంచుతారనుకున్నాను.

బస్సు వచ్చి ఆగింది. నా ఆడబిడ్డ మైకు ముందు నిలబడింది. కొంగు రెండు చేతులతో పట్టుకుంది.

"పట్నం బస్సుల అచ్చినోళ్లకు దండాలు. నేను గీ సిరిసిల్ల కోడల్ని. నా పెనిమిటి లారీల మీటింగుకు పోయిండు..."

మాట స్పష్టంగా బస్టాండు మీదికి పోతోంది. కిటికీల్లో నుంచి ఇద్దరు ముగ్గురు తలలు బయటపెట్టారు. అంతలో సారు చెయ్యెత్తాడు.

"ఆగమ్మా, ఒక్క నిమిషం. సేటూ, మార్చు. నీది తగిలియ్యి." అని నా వైపు తిరిగాడు. "ఆమెను మొదటికెల్లి గదే మాట చెప్పుమను. గంతే దూరంల నిలవడి."

"సెట్టు బంద్ చేసి మార్చుండ్రి సారూ," అన్నాను.

"బంద్ చేస్తె వాల్వులు సల్లారుతయి. మళ్ల వేడెక్కెదాంక చెవి ఇన్నది మరిచిపోతది. మాకు తెల్వదా, నువ్వు ఊకో."

ఆయన వైరు తీయడం, సేటు తన వైరు పెట్టడం రెప్పపాటులో జరిగింది, సెట్టుకు ఏమీ కాలేదు. నా ఆడబిడ్డ నా వైపు చూసింది. తన మాట అటు వినబడలేదేమో, అందుకే మళ్లీ చెప్పమంటున్నారు అనుకుంది పాపం. నేను తల ఊపాను. ఈ మాట ఉన్నదున్నట్టు రాయి బిడ్డా. నేను తల ఊపాను. సారు ఇచ్చిన వాల్వులు నా సెట్టులోనే వెలుగుతున్నాయి కదా, నా నోరు అందుకే లేవలేదు.

"పట్నం బస్సుల అచ్చినోళ్లకు దండాలు. నేను గీ సిరిసిల్ల కోడల్ని..."

సారు కళ్లు మూసుకున్నాడు. సేటు తల పక్కకు వాల్చి, "ఇనుండ్రి సారూ, గొంతు ఎట్ల నిండుగున్నదో, బావిల నీళ్ల లెక్క" అన్నాడు. "నిండుగ ఉన్నది గని తేట లేదు. మళ్ల నాది పెట్టు" అన్నాడు సారు. ఒక మనిషి తన మొగుడు బతికున్నాడా లేడా అని అడుగుతోంది. వీళ్లు తేట అంటారు, నిండు అంటారు.

నా ఆడబిడ్డ ఈసారి ఆగలేదు. బస్సు పోతుందని భయం పట్టుకుంది. మైకుకు దగ్గరగా పోయి, గొంతు పెంచి, "నా పెనిమిటికి..." అన్నది. సరిగ్గా అప్పుడే సేటు తన వైరు గుంజాడు. సారు తన వైరు ఇంకా పెట్టలేదు. సెట్టులో చిటపటమంది. వైరు కాలిన కమురు వాసన, సన్నగా పొగ. మైకు చచ్చిపోయింది.

ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. టెంటులో ఎవరో "గంత గట్టిగ ఒర్రుడుకు కాలింది సెట్టు, అంత దగ్గర్కి పోతరా" అన్నారు. బస్సు గేరు వేసుకుని వేములవాడ రోడ్డు పట్టింది. ఆమె దాని వెనుక పది అడుగులు నడిచి నిలబడిపోయింది.

ఆ ఇద్దరూ ఏం చేస్తున్నారనుకున్నావు?

"నేను తగిలియ్యకముందె ఎట్ల గుంజుతవయ్యా?"

"నువ్వు తగిలిచ్చినవనుకున్న. అయినా కాలకముందు నా హారన్లనే మాట మంచిగున్నది, ఒప్పుకో."

సెట్టు వాళ్ల చేతుల్లో కాలిందని వాళ్లలో ఒక్కడూ నోరు తెరిచి చెప్పలేదు. "నేను దగ్గర్కి పోయి ఒర్రిన, నా వల్లనే కాలింది వదినె" అని నా ఆడబిడ్డ నా చేయి పట్టుకుంటే నేనూ చెప్పలేదు. "పోనియ్యి బిడ్డా" అన్నాను. పోనియ్యి అట. ఎంత గొప్పదాన్నో చూడు.

మూడో రోజుకు ఇంకొకరి దగ్గర సెట్టు అడుక్కుని, ఆటోకు కట్టుకుని ఊరూరా తిరిగాను. కొడిమ్యాల తిరిగాను, రాయికల్ తిరిగాను, కోరుట్ల పోయాను. ఆడబిడ్డ చెప్పలేకపోయిన ఆనవాళ్లు నేనే చదివాను. నల్లటి మనిషి, నీలం గళ్ల అంగి, ఎడమ చేతి బొటనవేలుకు గోరు లేదు, మగ్గంలో పడి పోయింది. కోరుట్లలో మసీదు సందు దగ్గర ఒక తురకల మేస్త్రీ ఆటోకు అడ్డం వచ్చి చేతులు ఊపాడు.

"ఠైరో అమ్మా. గా గోరు లేని మనిషిని నేను సూసిన. పట్నంల పెద్ద దవాఖాన్ల మా తమ్ముని పక్క మంచం. కాలు నుజ్జయ్యింది, జరంల సోయి లేదు. ఎవరి మనిషో ఎవలకు తెల్వది."

"ఎన్నడు సూసినవన్నా?"

"మూడొద్దులాయె. గానాడే బస్సెక్కి ఇంటికొచ్చిన. సిరిసిల్లల బస్సాగితె మైకుల ఎవరో ఆడమనిషి దండాలు అన్నది. మళ్ల దండాలు అన్నది. రోజుండె మీటింగే గదా అనుకున్న, కండ్లు మూసుకున్న. ఆనవాలు చెప్పుంటె అక్కడ్నే దిగుదును గదమ్మా."

ఆ మేస్త్రీ ముఖం చూడలేక ఆటో చక్రం వైపు చూశాను.

ఆ రాత్రికే పట్నం చేరాం. మనిషి బతికే ఉన్నాడు. పాదం నల్లబడిపోయింది, కుడి కాలి వేళ్లు ఐదూ తీసేశారు. మూడు రోజుల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. మగ్గాల మధ్య పన్నెండు గంటలు నిలబడే పని ఇక ఆయనకు లేదు. ఇంటి ముందు కూర్చుని కండెలకు నూలు చుడతాడు, అంతే.

బతుకమ్మ పండుగకు ముందు ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు. కాలిన సెట్టును బాగుచేయిస్తామని అంతకుముందే తీసుకుపోయారు, ఇప్పుడు తెచ్చారు. బల్ల మీద పెట్టి, వేడెక్కేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు, దేవుని ముందు నిలబడ్డట్టు. "ఎట్లున్నదమ్మా, ఎప్పటి లెక్కనే లేదా?" అన్నాడు సారు.

ఎప్పటిలాగే ఉంది. ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. "గానాడు సిరిసిల్లల గా పిల్ల ఏం చెప్పింది సారూ? ఒక్క మాట చెప్పుండ్రి" అని అడిగాను.

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. "ఏదో ఇంటాయన ముచ్చట గదా," అన్నాడు సేటు. సారు కాస్త ఆలోచించి, "మాట యాదికి లేదు గని, ఆమె దండాలు అన్నప్పుడు ఆ పలుకు నా హారన్ల ఎంత తేటగ పడ్డదో, గది మాత్రం ఇంకా చెవులల్ల ఉన్నది" అన్నాడు.

అప్పుడు చెప్పాను. మేస్త్రీ సంగతి, వేళ్ల సంగతి, అన్నీ. సారు "అయ్యో" అన్నాడు, నిజంగానే అన్నాడు. తర్వాత సెట్టు వైపు చూసి, "ఆమెను ఒక్కసారి పిలిపిస్తవా అమ్మా? గదే మాట చెప్పిపిద్దాం. గానాడు తేలలేదు" అన్నాడు.

లేచి బయటికి పోయి మోరీ కాలువలో ఉమ్మాను. వాళ్లు పోయేదాకా లోపలికి రాలేదు. సెట్టులోని వాళ్ల వాల్వులను మాత్రం వాపసు ఇవ్వలేదు. బతుకమ్మకు ఐదు వాడలు ఒప్పుకుని ఉన్నాను మరి.

తెల్లారి మొదటి బస్సుకు సిరిసిల్ల పోయాను. నా ఆడబిడ్డ అరుగు మీద బీడీలు చుడుతోంది. పక్కన కూర్చుని చెప్పాను. సెట్టు నీ గొంతుకు కాలలేదు, వాళ్లు వైరు గుంజితే కాలింది, వాళ్లు నాకు రెండు వాల్వులు ఇచ్చారు, అందుకే వాళ్లను ఆపలేదు అని. ఆమె చేతిలో ఆకు ఆగలేదు. మడిచింది, దారం చుట్టింది, చాటలో వేసింది.

"వాళ్లెవరో నాకు తెల్వదు వదినె," అంది. "మళ్ల మొదటికెల్లి చెప్పుమంటె వాళ్ల మాటకు చెప్పలే. నువ్వు తల ఊపినవని చెప్పిన."

ఇంకో ఆకు తీసుకుంది.