కోపానికి నోరు తెరిచిన కొర్రమట్ట

దగ్గరికి జరిగి కూర్చోండి, ఈ ఫ్యాను చప్పుడులో నా గొంతు వినబడదు. నా ఈడు వాళ్లయితే కాళ్లు చాపుకునే కూర్చోండి, ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు. చెప్పబోయేది చేపల సంగతే గానీ నవ్వుకుంటూ చెప్పే సంగతి కాదు. ఎనభై ఏళ్లు గడిచినా నాకు దాని మీద కోపం చల్లారలేదు.

మొన్న మధ్యాహ్నం మా మనవడు సెల్‌ఫోను తెచ్చి నా కళ్ల ముందు పెట్టాడు. ఎక్కడో ఉత్తరాది చెరువట, నడి ఎండాకాలమట, టోపీ పెట్టుకున్న ఒకతను పడవలో నిలబడి ఎండల్లో చేప ఎక్కడ దాగుతుంది, ఏ వేళకు పైకి తేలుతుంది అని పాఠం చెబుతున్నాడు. అంతవరకు నేనూ తల ఊపుతూనే చూశాను. ఇంతలో నీటి మీద ఎర్రగా చేపపిల్లల గుంపు తేలింది. అతను దాని నడుమకు రబ్బరు కప్పను ఒకసారి విసిరాడు, రెండోసారి విసిరాడు, మూడోసారికి కింది నుంచి తల్లి చేప ఎగిరి కప్పను కరిచింది. దాన్ని పైకి ఎత్తి పట్టుకుని అతను పళ్లికిలించాడు. "చూసినవా అమ్మమ్మా, టెక్నిక్ మస్తుంది కదా!" అన్నాడు మనవడు. అవతల పెట్టు దాన్ని అని నేను ఎంత గట్టిగా అరిచానంటే వంటింట్లోంచి నా కూతురు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. పాపం, పిల్లవాడికేం తెలుసు.

అప్పట్లో అమీర్‌పేట ఊరే, పట్నం కాదు. మాది నేత ఇల్లు. అవి లడాయి రోజులు, ఎక్కడో పెద్ద యుద్ధం నడుస్తోంది, నూలు దొరకడమే కష్టం, దొరికిన నూలు కూడా రోహిణి ఎండకు పెళుసైపోయి మగ్గం మీద పోగు తర్వాత పోగు తెగుతుంటే, పొద్దెక్కగానే నాయన విసుగుతో మగ్గం దిగేవాడు. మగ్గం దిగితే పొయ్యి మీద ఏముడుకుతుంది? మా ఇంట్లో ఎండాకాలం ఆ రెండు నెలలూ ఏదో ఒకటి ఉడికిందంటే అది మా మేనత్త గాలం పుణ్యమే.

మేనత్త నాయనకు చెల్లెలు. పెండ్లయిన ఏడాదికే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది, పిల్లలు లేరు. మా ఇండ్లకూ పంజాగుట్ట బండలకూ నడుమ ఒక కుంట ఉండేది. మగవాళ్లు కూర్చునే గట్టు మీదే ఆమె కూడా కొంగు నడుముకు దోపి కూర్చునేది. ఆడది గాలం వేసుడేందని దారిన పోయేవాళ్లు నవ్వితే, వెనక్కి తిరగకుండానే "కూర ఉడికినంక గిన్నె పట్టుకొని మా ఇంటికి రాకుండ్రి మల్ల" అనేది.

ఆమెకు తెలిసినంత ఆ ఫోను మనిషికి తెలియదు. నడి ఎండాకాలంలో కుంట ముడుచుకుపోయి నడుమ మడుగొక్కటే మిగులుతుంది, పైనీళ్లు వేడెక్కుతాయి, చేపలు కిందికి దిగి కదలవు. తెల్లవారుజామున గాలి కోసం పైకి వచ్చినప్పుడు ఒక గడియ, మళ్లీ సాయంత్రం బండల నీడ నీటి మీద పడ్డాక ఒక గడియ, అంతే, మిగతా పొద్దంతా గాలం వేసినా దండగే. నేలంతా గట్టిపడి ఎరకు వానపాములు, అవే ఎర్రలు, దొరకని రోజుల్లో అంట్లు తోమిన నీళ్లు ఇంకే చోట తవ్వితే దొరుకుతాయి. నీటి మీద తేలే బెండు ఒక్కసారిగా మునిగితే తొందరపడి గుంజకూడదు, ఎండకు నీరసించిన చేప ఎరను నోట్లో పెట్టుకుని ఆలోచిస్తుంది, ఆలోచించనివ్వాలి. ఇవన్నీ ఆమె నాకు తిడుతూ తిడుతూ నేర్పింది.

గాలం దారాలు పేనే పని నాది. మగ్గం మీద తెగిన పోగులన్నీ ఏరి, మూడేసి కలిపి తొడ మీద పేని, తేనెమైనం రాసేదాన్ని. నాకు ఎడమచేతి వాటం, అందుకని నా దారం వడి, అంటే పేనిన మెలిక, అందరి దారానికీ ఎదురు తిరిగి ఉండేది. అమ్మ దానికి నన్ను కొట్టేది గానీ మేనత్త మాత్రం, ఎటు తిరిగితే ఏంది, తెగకుంటే చాలు అనేది.

ఆ ఏడు ముందే నాలుగు జల్లులు పడ్డాయి. ఒక తెల్లవారు మేనత్త నన్ను తుంగగడ్డి పక్కకు తీసుకెళ్లి చూపించింది: నీళ్లలో ఒకచోట ఎసరు కాగినట్టు ఎర్రగా కుతకుతలాడుతోంది, అవన్నీ కొర్రమట్ట పిల్లలు, గింజంత గింజంత ఉన్నాయి, ఊపిరికి అన్నీ ఒక్కసారే పైకి వచ్చి ఒక్కసారే కిందికి పోతున్నాయి. వాటి కింద నల్లగా రెండు నీడలు. అవి తల్లీ తండ్రీ. ఆ కాలంలో అవి మేత కోసం తిరగవట, పిల్లల మీదికి ఏది వచ్చినా మీద పడి కరుస్తాయట. ఒక కప్పను పిల్లల నడుమ ఆడిస్తే చాలు, దొరికిపోతాయి. అంతకన్నా సులువైన వేట లేదు. నాకు నోరూరింది. మేనత్త నా చెవి పట్టుకుంది.

"ఆకలికి నోరు తెరిచినదాన్ని పట్టుకో బిడ్డా, తప్పులేదు. కోపానికి నోరు తెరిచినదాన్ని పట్టుడు మోసం. గీ పిల్లలు బతికితెనే వచ్చే ఎండకాలం మనం బతుకుతం."

ఎవ్వరికీ చెప్పొద్దంది. సరేనన్నాను. మూడు రోజులు కూడా ఆగలేదు నా నోరు.

మా చిన్నాయన, అంటే నాయనకూ మేనత్తకూ తమ్ముడు, మగ్గం మీద కూర్చోనని నౌకరీ కోసం తిరుగుతుండేవాడు. ఒక పెద్ద అధికారి ఇంట విందుకు, దావత్‌కు, బతికున్న కొర్రమట్ట తెచ్చినవాడికి బంట్రోతు పని ఖాయమని ఎవరో అన్నారట. ఆయన నన్ను కిరాయి సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని పంజాగుట్ట దాకా తిప్పుకొచ్చాడు. నా జన్మలో సైకిల్ ఎక్కడం అదే మొదలు. గాలికి జుట్టు ఎగురుతుంటే, ఆ సంతోషంలో, తుంగ పక్కన ఎర్రగా ఉడుకుతున్న చోటు చెప్పేశాను. గాలానికి గట్టి దారం కావాలంటే నేను పేనినదే ఇచ్చాను కూడా.

మేనత్త కునుకు తీసే వేళకు, మిట్టమధ్యాహ్నం వెళ్లి, గంట తిరక్కముందే రెండింటినీ పట్టాడు. పెద్దదాన్ని కుండనీళ్లలో వేసి ఆ అధికారి ఇంటికి పంపించి, రెండోదాన్ని ఇంటికి తెచ్చి అరుగు మీద పడేశాడు. మేనత్త లేచి వచ్చి చూసింది. చేపను ముట్టుకోలేదు. దాని దవడకు వేలాడుతున్న దారాన్ని వేళ్ల నడుమ పెట్టి అటూ ఇటూ తిప్పింది. నేతింట పుట్టిన వేళ్లకు వడి తెలియకుండా ఉంటుందా? తలెత్తి నన్ను చూసింది.

"గట్టిగ పేనినవ్ బిడ్డా, తెగలే" అంది. అంతే. కొట్టినా బాగుండేది.

"పిల్లలతోటి ఉన్నదాన్ని పడ్తవారా?" అని తమ్ముణ్ని అడిగింది. అప్పుడు ఆయన నవ్వుతూ అన్న మాట ఇదిగో, ఇప్పటికీ నా చెవిలో ఉంది: "ఏందక్కా గింత లొల్లి? కడుపున పిల్లలు లేకుంటె చేపపిల్లలు బిడ్డలైతయా ఏంది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నాయన నులక మంచం మీద బీడీ కాలుస్తూ అక్కడే ఉన్నాడు. తన చెల్లెలు రెండు నెలలుగా తెచ్చిన కూడు తిన్న మనిషి, నోరు తెరిచి ఒక్క మాట, ఏందిరా ఆ మాట అని ఒక్క మాట, అనలేదు. చిన్నాయన మీద నా కోపం ఎప్పుడో పాతబడింది గానీ, ఆ బీడీ పొగ మీద కోపం మాత్రం ఇవాళ కూడా పచ్చిగానే ఉంది. అమ్మ చింతపండు పులుసు పెట్టింది. అందరూ తిన్నారు. నేనూ తిన్నాను. రుచిగా ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి, రెండోసారి వేయించుకున్నాను కూడా.

మేనత్త తినలేదు. తెల్లారి కట్టె తీసుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగి, ఆ ఎర్ర గుంపు పక్కన నిలబడింది. పైనుంచి కొంగలు, కింది నుంచి పెద్ద చేపలు. కట్టెతో నీళ్లు కొడుతూ, అదిలిస్తూ, తల మీద తడిపిన కొంగు వేసుకుని పొద్దంతా నిలబడేది. గట్టు మీద జనం చేరి తమాషా చూశారు. నేను నీళ్లలోకి దిగబోతే, "నువ్వు ఒడ్డునుండు, ఎండ దెబ్బ తగుల్తది" అంది, అరవలేదు, మామూలుగానే అంది. మొదటి రోజుకి సగం పోయాయి. మూడో రోజు పిడికెడు. నాలుగో రోజు మధ్యాహ్నం నేను రొట్టె తీసుకెళ్లేసరికి నీళ్లు తేటగా ఉన్నాయి, ఆమె ఇంకా కట్టె పట్టుకుని నిలబడే ఉంది.

మరుసటి వేసవికి మడుగులో గాలానికి బురదచేపలు తప్ప తగల్లేదు. మేనత్త గట్టుకే రాలేదు, ఊళ్లో వాళ్ల ఇండ్లల్లో నూలు చుట్టే కూలికి పోయేది. చిన్నాయనకు నౌకరీ దొరికింది. ప్రతి పెండ్లిలో, ప్రతి భోజనాల బంతిలో ఆయన ఆ కొర్రమట్టల కథ చేతులు తిప్పుతూ చెప్పేవాడు, అందరూ నవ్వేవాళ్లు. చోటు నేనే చెప్పానని మేనత్తతో ఒప్పుకుందామని ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో; ఆమె అడగలేదు, నేను చెప్పలేదు, ఆమె పోయింది.

ఇప్పుడు ఆ కుంట ఎక్కడుందంటే నేను కూడా చూపలేను. అంతా మేడలు, దుకాణాలు, మెట్రో స్తంభాలు. కుంట పోయినందుకు అందరూ అయ్యో అంటారు. నేననను. నీళ్లున్నప్పుడే అందులో నిలబడ్డ మనిషిని ఒంటరిగా వదిలేసినవాళ్లం, ఇప్పుడు నీళ్ల కోసం ఏడిస్తే ఎవరు నమ్ముతారు? అప్పటికీ ఇప్పటికీ మారిందల్లా, అప్పుడు ఆ మోసం చేయడానికి ఎండలో గట్టు దాకా నడవాలి, ఇప్పుడు కూర్చున్న చోటనే చూసి చప్పట్లు కొట్టొచ్చు.

సరే, లేవండి, పొద్దుపోయింది. మీ ఇంటి పొయ్యి చల్లారకుండా ఉండాలి, మీ పిల్లలు గుంపుగా, గలగలమంటూ పెరగాలి. కన్నా కనకపోయినా వాళ్లకు కాపలా నిలబడే మనిషి మీ ఇంట ఉంటే, ఆ మనిషిని చూసి ఎవరైనా నవ్వినప్పుడు, మీలో ఒక్కరికైనా నోరు పెగలాలి.