రాసుకోండి దాదా

కలకత్తా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక టీ ఇచ్చేవారు. టీతోబాటే షేర్ల మీద వాదన మొదలయ్యేది. మా క్వాయర్ మాస్టారూ, రిటైరైన గార్డు గారూ పెన్ డ్రైవులు చేసే రెండు పోటీ కంపెనీల్లో చెరొకదాని షేర్లు కొన్నారు.

"మీ కంపెనీ మూతడిపోద్ది. రాసుకోండి దాదా," అంటూ అక్కడి బెంగాలీల్లా అన్న వరస పెట్టి, మాస్టారు అరచేతిలో వేలితో గీత గీసేవారు. గార్డు గారు ఏనాడూ రాసుకోలేదు.

ఒక ఆదివారం లాప్‌టాప్‌లో కీర్తనలు ఎక్కించడానికి నేను పెన్ డ్రైవు అడిగాను. మాస్టారు మెడలోని దారం బయటికి తీశారు. దానికి రెండు డ్రైవులున్నాయి. ఒకటి ఆయన కంపెనీది, రెండోది గార్డు గారి కంపెనీది. రెండూ పెట్టి చూశాను. రెండింటిలోనూ అవే పాటలు, ఆయన భార్య బతికుండగా పాడినవి.

"అదేటి మాస్టారూ, మా కంపెనీ మూతడిపోద్దన్నారు గదా?" అన్నారు గార్డు గారు.

మాస్టారు దారం మళ్లీ మెడలో వేసుకున్నారు.

"వాదనకైతే నాకన్నీ తెల్సు దాదా. ఆవిడ గొంతు దాసుకోడానికి దేన్ని నమ్మాలో ఏటీ తెల్దు."

ఆ మాట మాత్రం రాసుకోమనలేదు.