మూడో పిలుపు

ఈ రోజు ఆదివారం. మా వదినగారి పెద్దకర్మ నిన్నటితో అయింది. వదినగారంటే మావారి అక్కగారు. గాజువాకలో మా ఇంటి వెనక వాటాలో ఉండేవారు. ఆవిడ పోయిన సంగతి మీలో చాలామందికి ఫోన్లోనే తెలిసింది. ఎలా పోయారో మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా తెలిసినట్టుంది. నిన్న భోజనాల దగ్గర ఒకావిడ, ఎడారిలో వరదలో కొట్టుకుపోయి బతికొచ్చిన మనిషట కదా అని నన్నే అడిగింది. ఇంకొకరు, చివర్లో మతి చలించిందట కదా అన్నారు. రెండూ తప్పే. బతుకంతా బడిలో హాజరు పట్టీ రాసినదాన్ని. ఉన్నదాన్ని లేదనీ, లేనిదాన్ని ఉందనీ రాయడం నాకు చేతకాదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆవిడ పోయిన రోజు సందెవేళ ముందుగదిలో నా మనవరాలు సిరి చేత లెక్కలు చేయిస్తున్నాను. వెనక వాటాలోంచి వదినగారి గొంతు వినబడింది. "వత్తన్నాను," అన్నారు. ఎవరో పిలిస్తే పలికినట్టుగా, కొంచెం విసుగ్గా, కొంచెం సంతోషంగా. మావారు పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. ఆయన పిలవలేదు. నేను పిలవలేదు. వెళ్ళి చూస్తే వీధివైపు తలుపు గడియ తీసి ఉంది. తలుపు పక్కన ఆవిడ కూర్చునే ఎత్తు పీట. దానిమీద ఆవిడ, గోడకు తల ఆనించి ఉన్నారు. ఆయాసం మనిషే గాని ముఖంలో ఆయాసపడిన గుర్తు లేదు.

గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. ఆ వయసులో అందులో వింత ఏమీ లేదు. వింతల్లా ఆ గడియే. సందెవేళ ఆవిడ తన చేత్తో గడియ తీయడం మేమెవరమూ ఏనాడూ చూడలేదు.

వదినగారిది శ్రీకాకుళం వైపు పల్లె. నేను గోదావరి జిల్లా నుంచి వచ్చినదాన్ని. కోడలిగా అడుగుపెట్టిన వారంలోనే నా పప్పులో బెల్లం వాసన పట్టేశారు. "ఇది పప్పా, పాయసమా పంతులమ్మా?" అని అందరి ముందూ అడిగారు. అప్పటినుంచి ఆవిడకు నేను పంతులమ్మనే. పేరు పెట్టి పిలిచింది లేదు. చేపలు ఆవిడ కడిగితే రెండోసారి కడగనక్కర్లేదు. నేను కడిగినవి మాత్రం నా కళ్ళముందే మళ్ళీ కడిగేవారు. ఎవరికి జ్వరం వచ్చినా మంచం పక్కన తెల్లవార్లూ కూర్చునేవారు. పొద్దున్న లేచాక, నీ గురకకి నిద్ర పట్టలేదని ఆ రోగినే తిట్టేవారు. ఉద్యోగం చేస్తూ నేను ఇద్దరు పిల్లల్ని పెంచగలిగానంటే అది వెనక వాటా చలవ.

మా ఇద్దరికీ కుదరనిది ఒక్కటే. పిలవగానే పలకాలని నేను పిల్లలకు నేర్పేదాన్ని. బడిలో పేరు పిలిస్తే అర క్షణం ఆలస్యమైనా ఊరుకునేదాన్ని కాదు. సందెవేళ బయటినుంచి ఎవరు పిలిచినా మూడో పిలుపుకే పలకాలని ఆవిడ నేర్పేవారు. గాలి, అంటే మనిషి కానిది, రెండుసార్లే పిలుస్తుందట. మూడోసారి పిలవడం దానికి చేతకాదట. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. ఇది వాళ్ళమ్మ చెప్పిన మాట. ఇలాంటివి పిల్లల తలకెక్కించొద్దని నేను గట్టిగానే చెప్పాను.

"నీ బళ్ళో నీ పద్దతి సెప్పుకో. సందేల మాత్తరం నా పద్దతే," అన్నారు.

పిల్లలు రెండు పద్ధతులూ నేర్చుకున్నారు. సిరి కూడా నేర్చుకుంది. పగలు మొదటి పిలుపుకే పరుగెత్తుకొచ్చే పిల్ల, సందెవేళ మేడ మీదున్నప్పుడు పిలిస్తే రెండుసార్లు ఊరుకుని మూడోసారికి పలికేది. ఈ ఇంటి పిల్లలు తప్ప ఇంకెవరూ అలా చేయరు. ఇది గుర్తుంచుకోండి.

రెండేళ్ళ క్రితం దసరా సెలవుల్లో మా అబ్బాయీ, ఫ్యాక్టరీలో వాడితో పనిచేసే స్నేహితులూ కుటుంబాలతో రాజస్థాన్ బయలుదేరారు. ఎడారిలో ఏటి ఒడ్డున డేరాల్లో ఉండాలని వాళ్ళ సరదా. నేనూ వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులని మావారు రాలేదు. వదినగారు రానన్నారు. "మనకి బీచి లేదేటి? ఇసక సూడ్డానికి అంత దూరం ఎల్లాలా?" అన్నారు. సిరి అలిగేసరికి పులిహోరా, ఆవకాయా, తన పీటా సర్దుకుని తయారైపోయారు. ఆవిడ కింద కూర్చోలేరు, కుర్చీలు గిట్టవు. జోధ్‌పూర్ దాకా ఆ పీటను మా అబ్బాయే మోశాడు. "ఏం బావా, సింహాసనం కూడా తెచ్చేసావా?" అని స్నేహితులు దారంతా వాణ్ణి ఆటపట్టించారు.

ఏరు అంటే నీళ్ళుంటాయని అనుకున్నాం. అక్కడ నీటి చుక్క లేదు. అవతలి ఒడ్డు కనబడీ కనబడనంత వెడల్పున ఉత్త ఇసుక, దానిమీద తెల్లటి పొర. ఆ ఏటి పేరు లూణీ అనీ, అంటే ఉప్పు అనీ డేరాలు చూసుకునే ముసలాయన చెప్పాడు. వదినగారు ఆ పొరను వేలితో తీసి నాలుకకు రాసుకున్నారు.

"ఉప్పే, పంతులమ్మా. సముద్రం గాని ఈ దారిన వచ్చెల్లిందేటి?" అన్నారు. నవ్వుతూ అన్న మాట కాదది.

ఒడ్డంతా జమ్మి చెట్లే. దసరాకి మన దగ్గర ఒక్క జమ్మి కోసం వీధంతా వరసకట్టి నిలబడతాం, అక్కడ అదే అడవి. ఆ చెట్లు చూసి సంతోషించారు గాని, ఆ నిశ్శబ్దం ఆవిడకు పడలేదు. నాకూ పడలేదు. గాజువాకలో రాత్రీ పగలూ లారీల రొద, ఫ్యాక్టరీ హోరు, గాలి వాటాన్ని బట్టి హార్బరులో ఓడల కూత వినబడుతూనే ఉంటాయి. అక్కడ మన చెవిలో నెత్తురు మనకే వినిపిస్తుంది. మాటలు కూడా ఆ ఇసుక మీద వేరేగా నడిచేవి. దూరపు డేరాలో గుసగుస పక్కనే అన్నట్టుండేది. పక్కనున్న మనిషి పిలిచింది వినబడేది కాదు. ఈ సంగతి కూడా రాయాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఇదే కారణమని మా అబ్బాయి ఇప్పటికీ అంటాడు.

మొదటి రోజు సాయంత్రం వదినగారు పీట ఏటివైపు వేసుకుని కూర్చున్నారు. ఇంటి దగ్గర అదే వేళకు, గడియ పెట్టిన తలుపు ఎదురుగా రోజూ కూర్చునేవారు. చీకటి బాగా పడ్డాకే లేచేవారు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు, చాదస్తమని సరిపెట్టుకున్నాను. ఇక్కడ తలుపు లేదుగా, ఎవరికోసం కూర్చున్నారని ఆ రోజు ఎకసక్కెంగా అన్నాను. అప్పుడు చెప్పారు ఆవిడ.

వాళ్ళాయన హార్బరులో ఓడల్ని లాగే టగ్గు పడవ మీద సరంగు, అంటే పడవ నడిపించే పెద్ద. నాకు అన్నయ్య వరస, నా పెళ్ళికి ముందే పోయారు. పడవ మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉండేదట. ఎవరిని పిలిచినా చివర 'ఓయ్' అని సాగదీసేవారట. ఒక రోజు డ్యూటీకి వెళ్ళారు, మర్నాడు పొద్దున్న గాని రారు. సందెవేళ బయటినుంచి 'ఓయ్' అని వినబడింది. ఆవిడ గడియ మీద చెయ్యి వేశారు. ఈ వేళప్పుడు రారే అని ఆగారు. మళ్ళీ 'ఓయ్' అని వినబడింది. చెయ్యి గడియ మీదే ఉంచి మూడో పిలుపు కోసం నిలబడ్డారు. అది రాలేదు. తెల్లవారాక కబురొచ్చింది. ముందురోజు సందెవేళ అలకి పడవ ఒరిగి ఆయన నీళ్ళలో పడిపోయారు.

తీస్తే నిన్ను కూడా తీసుకుపోయేవాడే అని వాళ్ళమ్మ అన్నదట. ఆవిడకు మాత్రం, తీసుంటే లోపలికి వచ్చేసేవారేమో అనే అనుమానం పోలేదు. మా వెనక వాటాలోకి వచ్చిన కొత్తలో ఇంకో బెంగ పట్టుకుందట. "ఇల్లు మారినట్టు ఆయనకి తెలీదు కదా, పంతులమ్మా," అన్నారు.

బడిలో ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పానో! ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు దశమి. పొద్దున్న జమ్మికి పూజ చేసుకున్నాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. సాయంత్రం మగవాళ్ళు డేరాల వెనక పొయ్యి రాజేస్తున్నారు. నేను డేరాలో పళ్ళేలు తుడుస్తున్నాను. వదినగారు ఒడ్డున పీట మీదున్నారు. సిరి బకెట్ తీసుకుని ఏటి మధ్యకు వెళ్ళి ఉప్పు పెచ్చులు ఏరుకుంటోంది.

ముందు పక్షుల అరుపులు ఆగిపోయాయి. తర్వాత వాన లేకుండానే తడిమట్టి వాసన వచ్చింది. ఆ వెనకే దూరంగా రైలు వస్తున్నట్టు శబ్దం. ఆ చుట్టుపక్కల రైలు దారి లేదు.

"సిరీ!" అని వదినగారు అరవడం వినబడింది. పళ్ళెం వదిలేసి బయటికొచ్చాను. పసుపు వెలుతురులో ఏటి మధ్యలో పిల్ల తలెత్తి ఇటు చూసింది. పలకలేదు. కదలలేదు. సందెవేళ అది మొదటి పిలుపు.

"సిరీ!" రెండోది. పిల్ల అలాగే నిలబడి ఉంది. నేర్పిందే చేస్తున్నానన్నట్టు బుద్ధిగా నిలబడింది. వదినగారు మూడోసారి నోరు తెరిచారు. ఆయాసం తన్నుకొచ్చి గొంతు పెగల్లేదు. వంగిపోయి పీట పట్టుకున్నారు. తాను నేర్పిన ఆ ఒక్క పిలుపూ తానే పిలవలేక నావైపు చూసిన చూపు నేను మరచిపోలేను. నేను పిలవడానికి నోరు తెరిచాను. పిలవలేదు. పిలిచేలోపే సిరి బకెట్ పారేసి మావైపు పరుగెత్తడం మొదలుపెట్టింది.

పిల్ల ఒడ్డెక్కి నా ఒళ్ళో పడింది. ఆ వెనక ఏరు వచ్చింది. ముందు నురగ, ముళ్ళకంపలు, ఎవరిదో చెప్పు. తర్వాత ఎర్రటి నీళ్ళు. మోకాలి లోతు అనుకునేలోపే నడుము లోతయింది. ఆ బకెట్ మా ముందునుంచే తిరుగుతూ పోయింది. రెండు రోజుల క్రితం ఎక్కడో కొండల్లో పడిన వాన అదని ముసలాయన తర్వాత చెప్పాడు.

రెండు పిలుపులకు నిలబడ్డదానివి ఎలా కదిలావని సిరిని అడిగాను.

"మూడోసారి పిలిచారు కదా నానమ్మా. పెద్దమామ్మ కాదు, ఎవరో తాతయ్య. గొంతు బొంగురుగా ఉంది. 'సిరీ... ఓయ్' అన్నారు."

పిల్లను డేరాలో కోడలికి అప్పగించాను.

నేను ఊరుకునేదాన్ని కాదు. మగవాళ్ళను ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాను. పొయ్యి దగ్గరున్న ఎవరూ పిలవలేదు. పిల్ల ఏట్లో ఉన్నట్టే వాళ్ళకు తెలియదు. డేరాల ముసలాయనకు పిల్ల పేరు తెలియదు. ఒడ్డుకు ఆనుకుని నిలబడి ఉన్న నాకు రెండు పిలుపులే వినబడ్డాయి. వదినగారి పాత కథ అప్పటికి అక్కడున్నవాళ్ళలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. సిరికి చెప్పే సందర్భమే రాలేదు. నా విచారణ ఇంతటితో ఆగింది. జవాబు లేని చోట నేను ఖాళీగానే వదిలేస్తాను.

వదినగారు ఎవరినీ ఏమీ అడగలేదు. ఊపిరి కుదుటపడ్డాక నీళ్ళవైపు చూస్తూ ఒకే మాట అన్నారు. "మూడోది దీని కోసం దాసుకున్నారు, పంతులమ్మా. నా మీద కోపం లేదు." ఆ మీదట, "నాకింక పిలుపు లేదు," అన్నారు.

ఊరొచ్చాక పీట తలుపు దగ్గరనుంచి వంటింట్లోకి మారింది. సందెవేళ కూరలు తరుగుతూ సిరికి తన పల్లె కబుర్లు చెప్పేవారు. గడియ మాత్రం ఎప్పటిలాగే పడేది. ఆ రెండేళ్ళూ ఆవిడ హాయిగా నిద్రపోయారు. ఇంత కోపిష్టి మనిషి పాట పాడగలదని కూడా అప్పుడే తెలిసింది మాకు. ఆవిడ దిగులు పడ్డారనీ, మతి చలించిందనీ అనేవాళ్ళు ఈ మాట చదవాలి.

పోయిన రోజున పీట మళ్ళీ తలుపు దగ్గర ఉందని పైన రాశాను. అది ఎవరు మార్చారని ఇంట్లో అందరినీ అడిగాను. ఎవరూ మార్చలేదు. ఆవిడే మోసుకెళ్ళి ఉండాలి. "వత్తన్నాను" అన్నది నేనూ సిరీ ఇద్దరం విన్నాం. పిలుపు మాత్రం మాకు వినబడలేదు.

ఇక ముందు జరగవలసినవి:

1. వెనక వాటా సంవత్సరీకం అయ్యేదాకా అద్దెకు ఇవ్వకూడదు. వీధివైపు తలుపు గడియ రోజూ సందెకు పడాలి. ఆ పని సిరిది.

2. ఆవకాయ జాడీ కోడలిది. జమ్మి ఆకులు దాచుకున్న గుడ్డసంచి సిరిది. చేపలు మాత్రం ఇకనుంచి ఎవరికివారు రెండుసార్లు కడుక్కోవాలి.

3. పిల్లలు బడిలో మొదటి పిలుపుకే పలకాలి. సందెవేళ మూడోదానికి పలకాలి. ఈ రెండో మాట ఇకమీదట నేనే నేర్పుతాను.

4. పీటను తలుపు దగ్గరనుంచి ఎవరూ కదపవద్దు. నిన్న కర్మ అయ్యి అందరూ వెళ్ళాక, సందెవేళ నేను దానిమీద కూర్చున్నాను. బయటినుంచి "పంతులమ్మా" అని పిలుపు వచ్చింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. బతుకులో మొదటిసారి నేను పిలవగానే పలకలేదు. ఎవరూ కంగారు పడవద్దు, నా తరఫున పలకవద్దు. ఈ రోజు కూడా కూర్చుంటాను. ఇప్పటికి రెండే అయ్యాయి.